సిస్టరక్క చెప్పింది

నా బిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. ఎడపల్లిలో మా ఇంటి వెనక సందులో చెరకు ఆకు కుప్ప ఉండేది. ఒక ఆదివారం పొద్దున అటువైపు నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. నేను కుట్టుమిషను మీద ఉన్నాను. పెళ్ళిళ్ళ కాలం, చేతుల పని మిగిలిన జాకెట్లు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. తల ఎత్తి చూసేసరికి దాని మోకాలి కింద నుంచి రక్తం కారి చెప్పు తడిసిపోయింది. ముంజేతి మీద కూడా పళ్ళు దిగిన గుర్తులున్నాయి.

"కుక్కల దిక్కు పోవద్దని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. గాయం ఎంత లోతుందో చూసింది ఆ తర్వాత.

"నేనేం పోలే. అదే వచ్చి కరిసింది," అంది ఏడుస్తూ.

బీడీలు చుడుతున్న మా అత్తమ్మ చాట పక్కన పెట్టి పసుపు తెచ్చింది. నేను వద్దని గాయం మీద చెంబుతో నీళ్ళు పోశాను. మా ఇంటాయన చెరకు నరికే కూలీలతో పొలంలో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. బిడ్డను ఎత్తుకుని దగ్గరలో ఉన్న క్లినిక్కుకు ఉరికాను. అక్కడ ధనుర్వాతం సూది వేయడానికి దాన్ని ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. కాళ్ళు పట్టుకున్నది నేనే. దాని అరుపులు రోడ్డు దాకా వినిపించి ఉంటాయి. డాక్టరు గాయాన్ని టార్చి వేసి చూసి, పళ్ళు లోతుగా దిగాయని, గాయంలోనే వేయవలసిన మందు ఒకటి ఉందని, దానికోసం వెంటనే నిజామాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మని చెప్పాడు.

ఆటోలో నా ఒళ్ళో కూర్చుని అది అడిగింది. "అమ్మా, ఆడ గూడ సూదిస్తరా?"

"లేదు బిడ్డా. జర మందు పూసి పంపిస్తరు."

ఏ తల్లైనా అదే చెబుతుందని ఇప్పటికీ అనుకుంటాను. అంత దూరం దాన్ని ఏడిపిస్తూ ఎలా తీసుకుపోవాలి?

దవాఖాన ఎమర్జెన్సీ గదిలో అడుగు పెట్టీ పెట్టగానే దానికి అర్థమైపోయింది. ట్రేలో సూదులు కనిపించాయి. తెల్ల కోట్లు కనిపించాయి. ఒక మూల చక్రాల మంచం మీద కాలు విరిగిన మనిషి మూలుగుతున్నాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ముసలి దంపతులు మరాఠీలో ఎవరినో బతిమాలుతున్నారు. నా చేయి విడిపించుకుని నా బిడ్డ గోడ వారనున్న బల్ల కిందికి దూరిపోయింది. నేను వంగి, దెబ్బ తగలని కాలు పట్టుకుని లాగాను. రెండు చేతులతో బల్ల కోడును వాటేసుకుంది. జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, దాని మీద కోపంగా కూడా ఉంది.

"గుంజకు అక్కా," అన్నది వెనక నుంచి ఒక గొంతు.

నర్సు. నా కన్నా నాలుగైదేళ్ళు చిన్నది కావచ్చు. చామనఛాయ మనిషి. పెద్ద అందగత్తె ఏమీ కాదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే ఆ రోజు నేను మొదట గమనించింది అదే కాబట్టి. ఆమె బల్ల పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బిడ్డ వైపు చూడనైనా చూడలేదు. ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ అడిగింది.

"నేను ఈడ కూసోవచ్చా? నువ్వు ఒద్దంటే లేస్త."

బల్ల కింద దాని కాళ్ళు ఇంకొంచెం లోపలికి ముడుచుకున్నాయి.

"కుక్క ఏ రంగుది?"

బల్ల కింద నుంచి బదులు వచ్చింది. "ఎర్రది."

"పిల్లలున్నయా దానికి?"

"నాలుగున్నయి. ఒకటి తెల్లది. దానికి ఇంక కండ్లు తెరుసుకోలే."

"నువ్వు ఎత్తుకున్నవా దాన్ని?"

"బిస్కెట్ పెట్టిన. తినలే. ఎత్తుకున్న. అప్పుడు వాళ్ళమ్మ వచ్చింది."

నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. ఎడపల్లి నుంచి అక్కడిదాకా నా ఒళ్ళో కూర్చుని వచ్చిన పిల్ల అది. అదే వచ్చి కరిచిందని నాతో అన్నది. తెల్ల కుక్కపిల్ల సంగతి నాకు చెప్పలేదు. నేల మీద కూర్చున్న ఈ తెలియని మనిషికి చెప్పింది, అడిగిన వెంటనే.

"పిల్లను ఎత్తుకపోతవని దానికి బుగులైంది," అన్నది నర్సు. "ఇప్పుడు నీకు గూడ బుగులైతుందా?"

"సూదిస్తవా?"

నేను ఆమె కళ్ళలోకి చూసి, చెప్పవద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె చూసింది. చూసి కూడా చెప్పింది.

"ఇస్తం. అబద్ధమెందుకు? గాయంల వేసేది బాగ నొస్తది. చేతికి వేసేది అంతగనం నొయ్యది. నువ్వు ఆగు అంటే ఆగుతం. డాక్టర్ సారు గూడ ఆగుతడు. గని మల్ల మొదలువెడ్తం. మొత్తానికే బందు పెట్టం. సరేనా?"

ముందు ఒక చెయ్యి బయటికి వచ్చింది. తర్వాత నా బిడ్డ మోకాళ్ళ మీద పాక్కుంటూ తనంతట తానే బయటికి వచ్చి, నన్ను దాటి వెళ్ళి ఆమె వేలు పట్టుకుంది.

గాయాన్ని కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగింది ఆమె. నేను చెంబుతో పోసిన నీళ్ళు ఏ మూలకూ సరిపోలేదని అప్పుడు తెలిసింది. మంట పుట్టినప్పుడల్లా బిడ్డ "ఆగు" అనేది. ఆమె నిజంగానే ఆగేది. చేయి గాలిలో నిలిపి, "చెప్పు, ఎప్పుడు మొదలువెట్టాలె?" అనేది. బిడ్డ కాసేపు పళ్ళు బిగపట్టుకుని, "ఇగ కడుగు," అనేది.

మంచం మీద పడుకోబెట్టాక నేను తల దగ్గర నిలబడి దాని జుట్టు సవరించబోయాను. నా కళ్ళ నీళ్ళు దాని నుదుటి మీద పడ్డట్టున్నాయి.

"అమ్మా, నువ్వు బయటికి పో," అంది.

"ఎందుకు బిడ్డా?"

"నువ్వు ఏడుస్తున్నవ్. నాకింక బుగులైతుంది."

నర్సు నా వైపు చూసింది. "అమ్మ బయటికి పోదు. తలుపు కాడ నిలవడతది. నీకు కనవడేటట్టు. అక్కా, గక్కడ నిలవడండ్రి."

గక్కడ నిలబడ్డాను. నా బిడ్డకు కనబడేటట్టు నిలబడ్డాను కానీ అది నా వైపు చూడలేదు. కుర్ర డాక్టరు గాయం అంచున సూది పెట్టి మందు వేస్తుంటే అది నర్సు మొహమే చూస్తూ ఉంది. "ఆగు" అని అరిచినప్పుడు ఆమె అరచెయ్యి ఎత్తింది. డాక్టరు ఆగాడు. ఆయన కోసం అటుపక్క ఎంతమందో ఎదురుచూస్తున్నారు. ఆయన ఏదో అనబోయినా ఆమె చెయ్యి దించలేదు. బిడ్డ ఏడ్చింది, వణికింది, మళ్ళీ "వెయ్యి" అంది. క్లినిక్కులో ఇద్దరం పట్టుకున్న పిల్లను ఇక్కడ ఎవరూ పట్టుకోలేదు.

నేను తలుపు దగ్గర నిలబడి ఆమె కోటును చూస్తున్నాను. కుట్టుపని చేసేదాన్ని కదా, కళ్ళు ముందు అక్కడికే పోతాయి. భుజాలు జారిపోయి ఉన్నాయి. చేతులు పొడుగు, మడిచి పెట్టుకుంది. ఒక గుండీ వేరే రంగుది. ఎవడు కుట్టాడో ఈ కోటు, ఒంటికి పట్టలేదు అనుకున్నాను. దాంట్లో ఇంకో నాలుగు తప్పులు దొరికితే బాగుండునని వెతికాను. అంతా అయిపోయాక నా బిడ్డ లేచి కూర్చుని ఆ జారిపోయిన భుజం మీదే తల పెట్టుకుంది. నేను చేతులు చాపుకుంటూ పోయేసరికి దాని కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి.

ఆ రోజు నాకు కావలసింది నా బిడ్డ బాగుపడడమే. అది దొరికింది. అయినా కళ్ళు మండాయి. కండ్లమంట అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

సాయంత్రం పొలం నుంచి వచ్చిన మా ఇంటాయన అంతా విని, "మంచి మనిషి దొరికింది. దేవుడే తోలిండు," అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఒకటే మాట. సిస్టరక్క చెప్పింది. గాయానికి గట్టిగా కట్టు కట్టొద్దని సిస్టరక్క చెప్పింది. గోరు పెట్టొద్దని సిస్టరక్క చెప్పింది. కుక్క మీద కోపం పెట్టుకోవద్దని, దూరం నుంచి చూడాలని సిస్టరక్క చెప్పింది. నేను అన్నం తినమంటే తినని పిల్ల, తింటే గాయం జల్దీ మానుతుందని సిస్టరక్క చెప్పిందంటూ తినేది. చివరికి మా అత్తమ్మ కూడా మొదలుపెట్టింది. "సిస్టరక్క చెప్పింది గద బిడ్డా, పండుకో," అనేది. నా పిల్లను పడుకోబెట్టడానికి నా ఇంట్లో ఆమె పేరు కావలసి వచ్చింది.

ఒకరోజు గాయం కడుగుతూ నేను కూడా అదే పద్ధతి పట్టాను. "నువ్వు ఆగు అంటే ఆగుత," అన్నాను.

నీళ్ళు తగలగానే "ఆగు," అంది.

"అయిపోయింది బిడ్డా, ఇంక జరంతనే."

"సూడు. నువ్వు ఆగవు," అంది నింపాదిగా. "సిస్టరక్క ఆగుతది."

పొయ్యి మీద పప్పు పొంగుతోంది, గుమ్మంలో జాకెట్టు కోసం వచ్చిన మనిషి నిలబడి ఉంది, నేను ఎక్కడ ఆగను? ఆమెకేం, అది ఆమె ఉద్యోగం. జీతం తీసుకుని ఆగుతుంది. ఇలా అనుకుంటే మనసు కాసేపు చల్లబడేది. తర్వాత ఆ ఎమర్జెన్సీ గదిలో మూలుగుతున్న మనిషి, బతిమాలుతున్న ముసలివాళ్ళు గుర్తొచ్చేవారు. ఆమె చుట్టూ నా పప్పు కన్నా పెద్దవే పొంగుతున్నాయి. అక్కడ నా ఆలోచన తెగిపోయేది.

రెండో సూదికి వెళ్ళే రోజు నా బిడ్డ నన్ను నిద్ర లేపింది. రెండు జడలు వేయమంది. పండుగకు కుట్టిన పచ్చ గౌను తీయమంది. మా ఇంటి ముందు నేను పెంచుకునే కనకాంబరాలు కోసి, నానమ్మతో మాల కట్టించుకుంది. తన జడలో పెట్టుకుంటుందనుకున్నాను. నిజామాబాద్ దాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

నిజం చెప్పాలంటే నేను కూడా మంచి చీరే కట్టుకున్నాను.

ఆమె మమ్మల్ని చూసి నవ్వింది. "వచ్చినవా? కుక్కపిల్ల కండ్లు తెరిసిందా?" అంది. బిడ్డ మాల ఆమె చేతిలో పెట్టింది. ఆమె అక్కడికక్కడే పిన్ను తీసి జుట్టులో తురుముకుంది. నా పువ్వులు ఆమె తలలో బాగున్నాయి. సూది వేస్తుంటే నా బిడ్డ కిక్కురుమనలేదు. "ఆగు" అని ఊరికే ఒకసారి అంది, ఆగుతుందో లేదో చూద్దామన్నట్టు. ఆమె ఆగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళ మధ్య ఏదో ఆట నడుస్తోంది, అందులో నేను లేను.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె డ్యూటీలో లేదు. సెలవు పెట్టిందని చెప్పారు. ఆ మాట విని నా లోపల ఏదో తేలికైంది. బిడ్డ మొహం మాత్రం మాడిపోయింది. ఆ రోజు సూది వేసేది ఒకతను, మగ నర్సు. మంచివాడే కానీ పనిమీద ఉన్నాడు. "రా బిడ్డా, అర నిమిషం," అంటూ దగ్గరికి వచ్చాడు. నా బిడ్డ కొయ్యలా బిగుసుకుపోయింది.

"సిస్టరక్క కావాలె."

"సిస్టరక్క లేదమ్మా ఇయ్యాల. అమ్మా, జర చెయ్యి పట్టుకోండ్రి," అన్నాడతను.

నేను చెయ్యి పట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎవరిని చూసి నేర్చుకున్నానో నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో అది నా పద్ధతే అన్నట్టు కూర్చున్నాను.

"నొస్తదా?" అని అడిగింది అది. సూది గురించి నన్ను అడగడం ఆటో తర్వాత అదే మొదటిసారి.

"నొస్తది బిడ్డా."

"ఆగు అంటే?"

"ఈ అన్నను నేను ఆపుత."

అది నన్ను నమ్మినట్టు లేదు. సూది దగ్గరికి రాగానే "ఆగు" అంది. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. అతను ఉలిక్కిపడి నా వైపు చూశాడు. "జర ఆగు అన్నా. పిల్ల చెప్పినంక వెయ్యి," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అతను ఏమనుకున్నాడో గానీ ఆగాడు. నా బిడ్డ నా చేతిని చూసింది, అతని చేతిని చూసింది. ఊపిరి పీల్చుకుని, "ఇగ వెయ్యి," అంది. ఏడవలేదు. సూది తీశాక నా మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ రోజు దవాఖాన మెట్లు దిగుతుంటే నాకు ఏదో గెలిచినట్టుంది. ఆమె వచ్చాక ఎవరైనా చెబితే బాగుండును, నువ్వు లేకున్నా ఆ పిల్ల వాళ్ళమ్మతో సూది వేయించుకుని పోయిందని. రోడ్డు పక్క బండి దగ్గర ఇద్దరం చెరకురసం తాగాం. నురగ మూతికి అంటుకుని ఉండగా నా బిడ్డ అంది, "సిస్టరక్క ఉంటె ఇంక మంచిగ వేస్తుండె."

నేను మిగిలిన రసం బండివాడికి ఇచ్చేశాను.

ఆఖరి సూది నాటికి గాయాలు మానిపోయాయి. కాలి మీద గులాబి రంగు మచ్చలు మిగిలాయి. ఆ రోజు ఆమె డ్యూటీలో ఉందని గుమ్మంలోనే తెలిసింది. బిడ్డ నా చేయి వదిలి లోపలికి ఉరికింది. ఈసారి కూడా చేతిలో కనకాంబరాలు. నేను వెనక నెమ్మదిగా వెళ్ళాను. చూసేసరికి అది గది మధ్యలో నిలబడిపోయి ఉంది.

పోచంపాడ్ నుంచి వచ్చిన పిల్లవాడట. చేపల గాలం వేలికి గుచ్చుకుని లోపలికి దిగింది. ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో, మంచం వెనక గోడ మూలకు పోయి చేయి గుండెకు అదుముకుని ఎవరినీ రానివ్వడం లేదు. తండ్రి తిడుతున్నాడు. ఆమె వాడి పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, గోడకేసి చూస్తూ ఉంది.

"నేను ఈడ కూసోవచ్చా? నువ్వు ఒద్దంటే లేస్త," అంటోంది.

నా బిడ్డ మొహం చూశాను. పెదవులు బిగించింది. కళ్ళు చిన్నవయ్యాయి. పూలమాల పట్టుకున్న చెయ్యి వెనక్కి పోయింది. అలాంటి మొహాన్ని నేను ఎక్కడా చూసి ఉండను, ఎందుకంటే అది ఆ నెలంతా నేను మోసిన మొహం. మన మొహం మనకు కనబడదు కదా.

"ఏ చాపకు ఏసినవ్ గాలం?" అని అడుగుతోంది ఆమె ఆ పిల్లవాణ్ణి. వాడు ఏదో చెబుతున్నాడు. "నువ్వు ఆగు అంటే ఆగుతం," అంటోంది.

"గవి నాతోని చెప్పిన మాటలు," అంది నా బిడ్డ మెల్లగా.

ముందు నాకు సంతోషమే కలిగింది. చూశావా, ఆమెకు నువ్వొక్కదానివే కాదు, నాకైతే నువ్వొక్కదానివే, అని దాని చెవిలో చెప్పాలనిపించింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ దాని కింది పెదవి వణకడం మొదలుపెట్టింది. అది వణుకుతుంటే నేను సంతోషంగా ఎలా ఉంటాను? కిందికి వంగి దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

"వానికి గూడ బుగులైంది బిడ్డా. నీకు గాలేదా అప్పుడు?"

"అయితే వానికి వేరే మాటలు చెప్పాలె," అంది.

ఆ పిల్లవాడి వేలి పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాం. అది పూలమాల దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మా వంతు వచ్చాక చొక్కా చేయి పైకి లాగి గోడ వైపు మొహం తిప్పుకుంది. ఆగు అనలేదు. ఆమె సూది పట్టుకుని కాసేపు ఎదురు చూసింది.

"కోపమొచ్చిందా?"

"లేదు."

ఆమె నా వైపు చూసింది. చెప్పకుండా ఉండవచ్చు. చెప్పాను. "మీరు ఆ పిల్లగానితోని గూడ గవే మాటలు చెప్తే ఇన్నది. వానికి వేరే చెప్పాలెనట."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా బిడ్డ ముందు గొంతుక్కూర్చుని చెప్పింది. "నాకు వేరే మాటలు రావు బిడ్డా. ఉన్నయి గవే. వచ్చినోళ్ళందరికి గవే చెప్త. గని నీ కుక్కపిల్ల సంగతి వానికి చెప్పలే. గది నీదే."

బిడ్డ ఆలోచించింది. సూది వేయించుకుంది. పోయేటప్పుడు పూలమాల ఆమెకు ఇవ్వలేదు, బల్ల మీద పెట్టి వచ్చింది. తీసుకుంటే తీసుకో అన్నట్టు. గుమ్మం దాటుతూ నేను వెనక్కి చూశాను. ఆమె దాన్ని అప్పటికే జుట్టులో పెట్టుకుంటోంది, ఇంకో చేత్తో ఎవరిదో చీటీ చూస్తూ.

తర్వాత మేము ఆ దవాఖానకు పోవలసిన పని పడలేదు. సిస్టరక్క చెప్పింది అనే మాట మెల్లమెల్లగా తగ్గింది. బడి తెరిచారు, టీచరమ్మ చెప్పింది అనడం మొదలైంది. దానికి నేను అలవాటు పడ్డాను.

మరుసటి ఎండాకాలం అంచు గుడ్డలు, లైనింగు కొనడానికి నిజామాబాద్ పోయి, తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఆమెను చూశాను. తెల్ల కోటు లేదు, వంకాయ రంగు చీరలో ఉంది. పక్కన ఆరేడేళ్ళ పిల్లవాడు. వాడు జామకాయ కావాలని కాళ్ళు నేలకేసి కొడుతున్నాడు. "ఒద్దన్ననా లేదా? దగ్గుతున్నవ్," అంటోంది ఆమె. వాడు ఆమె సంచి లాగాడు. సంచిలోంచి డబ్బా కింద పడి అన్నం చెదిరింది.

"నోరు మూస్తవా లేదా? ఒక్కటిచ్చిన్నంటే తెలుస్తది," అని గట్టిగా అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఎండలో నడిచి వచ్చినవాడికి కుండనీళ్ళు ఇచ్చినట్టుంది. కాసేపు అక్కడే స్తంభం పక్కన నిలబడి చూశాను. వాడు ఏడుస్తూ ఆమెకు దూరంగా పోయి కూర్చున్నాడు. ఆమె వంగి అన్నం మెతుకులు కాగితంలోకి ఎత్తుతోంది. తల ఎత్తినప్పుడు నన్ను చూసింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"కుక్కపిల్ల అమ్మ గద మీరు?" అంది. సిగ్గుపడింది.

ఇక నిలబడి ఉండలేకపోయాను. వెళ్ళి పక్కన కూర్చుని మెతుకులు ఎత్తడానికి చేయి కలిపాను. "మా పిల్ల గూడ గిట్లనే సతాయిస్తది," అన్నాను.

"వీడు మెండోరల మా అమ్మ కాడ ఉంటడక్కా. నాకు డ్యూటీలు. దినం విడిచి దినం పోత. ఒకనాడు మా అమ్మకు పానం మంచిగ లేకపోతే వీణ్ణి దవాఖానకు తెచ్చుకున్న. ఎవరి బిడ్డనో ఒళ్ళ కూసోవెట్టుకుని ఉంటే సూసిండు. అయిపాయె. దవాఖాన పిల్లలంటెనే వీనికి పండ్లు కొరుకుడు. ఇంట్ల నేను తల దువ్వబోతె ఒద్దంటడు, దవాఖానల పిల్లలకు దువ్వుకో పో అంటడు."

నేను వాడి వైపు చూశాను. ముక్కు కారుతోంది. మమ్మల్నిద్దరినీ గుర్రుగా చూస్తున్నాడు. వాళ్ళమ్మ ఒడిలో కూర్చున్న ఆ ఎవరి బిడ్డో నా బిడ్డేనేమో. కాకపోయినా దానిలాంటిదే. ఆమె ఓపికలో వీడికి రావలసినదేదో మా ఇంటికి కూడా వచ్చింది. ఆ మాట పైకి అనలేదు. లేచి వెళ్ళి జామకాయ ఒకటి కొని వాడి చేతిలో పెట్టాను. ఆమె వద్దు వద్దంటూనే ఉంది. వాడు తీసుకున్నాడు కానీ, నాకు దూరంగా జరిగి కూర్చుని కొరికాడు.

వాళ్ళ బస్సు ముందు వచ్చింది. ఎక్కుతూ ఆమె, "పిల్లను అడిగిన్నని చెప్పుండ్రి," అంది.

ఇంటికి వచ్చాక చెప్పాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. లైనింగు గుడ్డ తడిపి ఆరేశాను. మా అత్తమ్మ బీడీ ఆకులు కత్తిరిస్తోంది. బిడ్డ ఆమె పక్కన కూర్చుని ఆకు ముక్కలతో ఏదో కడుతోంది. చివరికి చెప్పాను.

"సిస్టరక్క కనవడ్డది బస్టాండ్ల. నిన్ను అడిగింది."

తల ఎత్తింది. కళ్ళు మెరిశాయి. "ఒక్కతే ఉండెనా?"

"వాళ్ళ కొడుకున్నడు. నీయంత ఉంటడు."

అది చేతిలోని ఆకు ముక్కను రెండుగా మడిచింది.

"వాడు మంచిగుంటడా?"

"అల్లరోడు. జామకాయ కోసం బస్టాండంత ఒకటి చేసిండు."

"అల్లరోడే ఉంటడు," అంది నా బిడ్డ, తృప్తిగా తల ఊపుతూ. తర్వాత మళ్ళీ ఆకు ముక్కల మీదికి వంగింది. నేను దాని పక్కన కూర్చుని ఆకులు అందివ్వసాగాను.